కన్నవి ఎన్ని, నిలిచినవి ఎన్ని

మా ఊరి ఆరోగ్యం ఎంత బాగుందో తెలుసుకోవాలంటే ఊళ్లోకి రానక్కరలేదు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సు మా స్టేజీ దగ్గర ఒక నిమిషం ఆగుతుంది. ఆ నిమిషం కిటికీలోంచి చూస్తే చాలు. రోడ్డు పక్కనే ఊరి ఆసుపత్రి, దాని గోడ మీద నీలం రంగు పూసి తెల్లటి అక్షరాలతో రాసిన బోర్డు. పైన 'ఆరోగ్య సూచికలు' అని ఉంటుంది. కింద వరసగా ఇంటి కాన్పులు సున్నా, మాతృ మరణాలు సున్నా, శిశు మరణాలు సున్నా, బాల్యవివాహాలు సున్నా. నేను బడికి పోలేదు కాబట్టి ఇన్ని సున్నాలు ఒకేచోట చూడటం నాకదే మొదలు. బడికి పోయిన నా ఈడువాళ్లు మాత్రం వాటిని తమ పలకల మీద చూసే ఉన్నామంటారు.

ఆ బోర్డు కింద ఒక సిమెంటు బెంచీ ఉంది. పొద్దు వాలేదాకా దాని మీద నీడ ఉంటుంది. ఈ వయసులో నాకు నీడ ఎక్కడుంటే అదే ఆఫీసు.

నేను అక్షరాలు నేర్చింది ఆదోని పత్తి యార్డులో. నలభై ఏళ్లు హమాలీగా బేళ్లు మోశాను. బేలు మీద సిరాతో వేసిన గుర్తులు మొదట, ఆ తర్వాత తూకం చీటీలు, ఆ తర్వాత ఉగ్గాణి బజ్జీ కట్టిచ్చిన పాత పేపర్లు. అందుకే నాకు తెలిసిన వార్తల్లో సగం నూనె మరక దగ్గర ఆగిపోతాయి. మిగతా సగం నేనే ఊహించుకున్నాను, పెద్దగా తప్పిందీ లేదు. యార్డులో నేర్చిన ఇంకో చదువు ఏమిటంటే, కాటా ముల్లు అబద్ధం చెప్పదు. పత్తికి ముందే నీళ్లు చల్లి తెస్తారు. ముల్లు పాపం తనకు పెట్టినదాన్నే చూపిస్తుంది. ఆసుపత్రి బోర్డు చూసినప్పుడల్లా నాకు తడిపిన పత్తి వాసన వస్తుంది.

బాల్యవివాహాలు సున్నా అన్నది నిజమే. మా ఊళ్లో ఏ పిల్లకైనా పెళ్లి రోజుకు పద్దెనిమిది నిండి తీరతాయి. లగ్నం ముందుకు జరిగితే పుట్టినరోజు కూడా దానితో పాటే ముందుకు జరుగుతుంది. బోర్డు చివర 'మగవారి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు' అని ఒక వరస ఉంది. అక్కడా సున్నాయే. గోడ మొత్తంలో నీళ్లు చల్లని సున్నా అదొక్కటే.

ఆ వరస చూస్తే నాకు పాతరోజులు గుర్తొస్తాయి. నేను పడుచువాణ్ణిగా ఉన్నప్పుడు ఊరి ఆరోగ్యానికి సూచిక వేరే. ఎంతమంది మగవాళ్లను కోశారన్నదే లెక్క. ఉరుకుంద ఈరన్న తిరనాళ్లకు పోయి బస్సు దిగుతుంటే ఆపరేషన్లకు పట్టుకుపోయే జీపు వచ్చి ఆగింది. నేను కొబ్బరికాయల గోనెల వెనక దూరాను. మా వీధి పెద్దాయన ఒకాయన దూరలేకపోయాడు. ఆయనకు అరవై దాటాయి, పెళ్లాం పోయి పదేళ్లయింది, నోట్లో పళ్లు కూడా లేవు. అయినా కోసి పంపారు. ఒక బకెట్టు కూడా ఇచ్చారు. ఆయన ఆ బకెట్టుతో బావి దగ్గరికి వచ్చినప్పుడల్లా, "ఇంగ నా వల్ల దేశానికి భయం ల్యా అప్పా," అనేవాడు. ఆ ఏడు మా ఊరి ఆరోగ్యం చాలా బాగుందని పైన రాసుకుని ఉంటారు. ఇప్పుడు జీపులు లేవు. మగవాళ్లను ఎవరూ తరమడం లేదు. కోతంతా ఆడవాళ్లకే వదిలేశాం. మాకు నడుం నొప్పి వస్తుందట!

ఆ కాలపు ఆడవాళ్లకు ఒక అలవాటు ఉండేది. పిల్లలెంతమంది అని అడిగితే ఒక్క అంకె చెప్పేవాళ్లు కాదు. మా ఇంటిదాన్ని ఎవరడిగినా, "కన్నవి ఏడు, నిలిచినవి నాలుగు," అనేది. రెండూ ఒకే ఊపిరిలో. అందరూ అట్లాగే చెప్పేవాళ్లు. ఒకసారి జనాభా లెక్కలకు వచ్చిన పిల్లవాడు నాలుగు అని రాసుకుని లేవబోతే, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఏం నాయనా, ఆ మూడూ యాడ పెట్టినావు?"

"అవి మాకు అక్కర్లేదు అవ్వా."

"నీకు అక్కర్లేదు సరే. మోసింది నేను గదా."

ఆమె పోయి అయిదేళ్లయింది. ఆ అలవాటు కూడా ఆమె ఈడువాళ్లతోనే పోయిందనుకున్నాను.

ఇక మా ఊరి సున్నాలు ఎలా పండుతాయో చెబుతాను. పత్తి ఏరడం అయిపోయాక మా నల్లరేగడిలో పని ఉండదు. అప్పుడు కూలీలను కూర్చే మేస్త్రి బొలెరో తెస్తాడు. మొగుడూ పెళ్లాం, పిల్లలు, బియ్యం మూట, బిందె అన్నీ దాంట్లోకి ఎక్కుతాయి. గుంటూరు వైపు మిరపకాయ కోతలకు పోతారు. మూడు నెలలు చేలగట్ల మీద పరదాల గుడిసెల్లో ఉంటారు. దీన్ని మావాళ్లు సుగ్గి అంటారు. పక్కనున్న కన్నడం వాళ్లకు సుగ్గి అంటే పంట ఇంటికొచ్చే పండుగ. మాట వాళ్ల దగ్గర్నుంచే తెచ్చుకున్నాం, పంట తెచ్చుకోలేదు. సుగ్గి రోజుల్లో మా ఊళ్లో తాళాలు, కుక్కలు, నాలాంటివాళ్లు మిగులుతాం. తాళాలూ నేనూ కనలేము, కుక్కల కాన్పులు ఎవరూ రాయరు కాబట్టి ఇంటి కాన్పులు సున్నా.

పోయినేడు సుగ్గికి పోయినవాళ్లలో మా మనవడు, వాడి పెళ్లాం ఉన్నారు. వాళ్లకప్పటికే ఒక కూతురు. మనవడి పెళ్లాం రెండో కాన్పుకు ఏడో నెల కడుపుతో సుగ్గికి వెళ్లింది. మిరప చేలోనే నొప్పులొచ్చాయి. పొద్దున మగబిడ్డ పుట్టాడు, పొద్దు వాలేదాకా ఉన్నాడు. కాలువ గట్టున పూడ్చి వచ్చారు. అక్కడి ఆసుపత్రిలో అడిగితే, మీది మా జిల్లా కాదు, మీ ఊళ్లో రాయించుకోండి అన్నారట. ఇక్కడ అడిగితే, ఇక్కడ పుట్టలేదు కదా అన్నారు. కాబట్టి ఆ బిడ్డ ఏ జిల్లాలోనూ పుట్టలేదు, ఏ జిల్లాలోనూ పోలేదు. పుట్టనివాడు పోవడానికి సర్కారు ఒప్పుకోదు.

ఈ ఏడు ఆ పిల్లకు మళ్లీ ఏడో నెల. ఆదివారం పొద్దున బొలెరో వస్తుందన్నారు.

ఆ వారమే నాకు సంగతి బయటపడింది. మా ఊరి నర్సమ్మ మంచిదే. నాలుగు ఊళ్లకు ఆమె ఒక్కతే. రిజిస్టరులో ఉన్నదంతా ఫోనులోకి ఎక్కించాలి. ఎవరైనా పక్కన కూర్చుని పేర్లు చదివితే పని తొందరగా అవుతుంది. పని లేకుండా బెంచీ మీద ఉండేది నేనే కాబట్టి ఆ ఉద్యోగం నాకొచ్చింది. చదువుతూ పోతుంటే మా మనవడి పెళ్లాం పేరు వచ్చింది. రక్తం ఏడు అని ఉంది. పదకొండు ఉండాలని వెనక గోడ మీద బొమ్మతో సహా అంటించి ఉంది. వరస చివర మాత్రం 'వలస' అని రాసి ఉంది.

"ఏందమ్మా ఇది? పొద్దున నాకు సంగటి పెట్టిన పిల్లను వలస అని రాసినావు?"

"ఆదివారం పోతాది గదా పెద్దాయనా."

"పోతాది. ఇంగా పోలేదు."

"పోయినాంక రాయాలంటే నాకు తీరిక యాడుండాది? రక్తం తక్కువుంటే ఎర్ర స్టిక్కరు అంటించాల. స్టిక్కరు అంటిస్తే వారం వారం సూడాల, ఆదోనికి తీస్కపోవాల, సాయంత్రమైతే పైనుంచి ఫోను, ఏం చేసినావు, ఏం చేసినావు అని. వలస అని రాస్తే ఫోను రాదు. ఆడి ఆసుపత్రోళ్లు సూసుకుంటారు."

"సూస్తారా?"

ఆమె ఫోను కేసి చూస్తూ, "సూడాల," అంది.

నేను పేజీలు వెనక్కి తిప్పాను. రక్తం తక్కువైన ఆమె వలస. కవల పిల్లల ఆమె వలస. ముందు కాన్పు కోతైన ఆమె వలస. గట్టిగా ఉన్నవాళ్లే ఊళ్లో ఉన్నారు, అదీ కాగితం మీద. దేవరగట్టులో దసరా నాడు కర్రలతో కొట్టుకునే ఉత్సవంలో తల పగిలినవాడు ఇంత పసుపు అద్దుకుని నడిచి ఇంటికొస్తాడు. అడిగితే ఏం కాలేదంటాడు. కానీ వాడి చొక్కా మీద రక్తం కనిపిస్తుంది. ఈ రిజిస్టరు మీద అదీ కనిపించదు.

ఇంటికి పోయేసరికి మేస్త్రి మా అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. మా ఊరివాడే, నాకు దూరపు మనవడి వరస. నేను విషయం ఎత్తగానే చేతులు ఊపాడు.

"ఆ పిల్ల కాయ కోయక్కర్లేదు తాతా. గుడిసె కాడ కూసోని బువ్వ వండితే సాలు."

"పోయినేడు గూడా కూసోబెడతానన్యావు. సేన్లో కూసోబెట్టినావు."

"నేను కూసోబెట్టినానా? దేవుడు..."

"దేవుడు బొలెరోలో రాలేదురా. నువ్వే ఎక్కించినావు."

మా మనవడు మధ్యలో వచ్చాడు. వాడు చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే నాకు తిట్టడం సులువయ్యేది.

"ఈడ వదిలిపెట్టి పోతే ఎవురు సూస్తారు తాతా? నువ్వా? నీకు నీళ్లు కాంచుకోను రాదు. నొప్పులొస్తే ఎవురిని పిలుస్తావు, తాళాలనా?"

ఊళ్లో ఉంటే సాయం లేదు, పోతే ప్రాణానికి భరోసా లేదు. ఆ పిల్ల వాకిట్లో కూర్చుని బియ్యం మూటకు దబ్బనంతో కుట్లు వేస్తోంది. నీ మాటేమిటి అని ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదని ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

సాయంత్రం కూతుర్ని చంకన వేసుకుని అంగన్‌వాడీ గుడ్ల కోసం పోతూ ఆ పిల్ల నా బెంచీ దగ్గర ఆగింది. ఆమె మూడో తరగతి దాకా చదివింది. అది కూడా సుగ్గి లేని నెలల్లో.

"తాతా, సున్నా తెలుస్తాండాది. దాని పక్కన ఆ పెద్ద మాట ఏంది?"

"శిశు మరణాలు."

"అంటే?"

చెప్పాను. పసిబిడ్డలు పోవడం అని.

"పోయినేడు లెక్క గూడా దీంట్లోనే ఉండాదా?"

"అవును."

"ఎవురూ పోలేదంటనా?" అంది. ఏడవలేదు. కూతుర్ని ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుని గుడ్లకు పోయింది.

మరునాడు శుక్రవారం. నేను బువ్వ తింటుంటే నర్సమ్మ, అంగన్‌వాడీ టీచరు, పంచాయతీ సెక్రటరీ ముగ్గురూ చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. సెక్రటరీ మా ఇంట్లో చెప్పులు విడవడం అదే మొదలు. ఏదో ఉపద్రవం అనుకున్నాను. ఉపద్రవమే. ఆరోగ్యంలో మండలానికి మేటి ఊరుగా మా ఊరిని ఎంచబోతున్నారట. మంగళవారం పెద్దాఫీసరు వస్తున్నాడు. బోర్డు చూస్తాడు, ఆ తర్వాత సామూహిక సీమంతం. గర్భిణులకు గాజులు తొడిగి, పసుపు రాసి, ఫోటోలు తీస్తారు. పూలు వచ్చాయి. గాజులు వచ్చాయి. షామియానా వచ్చింది. గర్భిణులే లేరు.

"ఏమైనారు?" అన్నాను, తెలియనట్టు.

"వలస," అంది నర్సమ్మ చిన్నగా. సగంమంది అంతకుముందు బొలెరోలోనే నిజంగా పోయారు. మిగిలినవాళ్లు కాగితం మీద ముందే పోయారు. కాగితం మీద పోయినవాళ్లను వెదుక్కుంటూ వీళ్లు ఇల్లిల్లూ తిరుగుతున్నారు.

"మీ మనవడి పెండ్లాన్ని మంగళారం దాకా ఆపు తాతా. బుధారం నేనే బస్సెక్కిస్తా," అన్నాడు సెక్రటరీ.

"వలస పోయిన పిల్లను నేనెట్ల ఆపేది నాయనా? ఆయమ్మ రాసింది గదా, పోయిందని. లేని మనిషికి గాజులు యా చేతికి తొడుగుతారు?"

"అది దిద్దుకోవచ్చులే పెద్దాయనా," అంది టీచరు.

అప్పుడు నాలోని హమాలీ లేచాడు. యార్డులో బేలు భుజం మీద ఉన్నప్పుడే మాట తేల్చుకోవాలి, దించాక ఎవడూ వినడు. ఈ పిల్ల ఆగాలంటే కాన్పయ్యేదాకా ఆగాలి అన్నాను. వలస కొట్టేయాలి. ఎర్ర స్టిక్కరు నా కళ్లముందు అంటించాలి. రేపే ఆదోనికి తీసుకుపోయి రక్తానికి చేయాల్సింది చేయించాలి. అంగన్‌వాడీలో పెట్టే బువ్వ గుడ్డుతో సహా రోజూ ఇంటికి రావాలి. నొప్పులొస్తే నూట ఎనిమిదికి ఫోను చేసే పూచీ సెక్రటరీది.

"నాదా?" అన్నాడు సెక్రటరీ.

"మేటి ఊరి సెక్రటరీవి గదా."

మా మనవడు నోరు తెరిచి చూస్తున్నాడు. సెక్రటరీ వాడి భుజం మీద చెయ్యి వేసి, నువ్వు నిమ్మళంగా పోయి రాప్పా అన్నాడు. ముందురోజు నేనెంత మొత్తుకున్నా వినని వాడు ఆ ఒక్క మాటకు తలూపాడు. నర్సమ్మ స్టిక్కరు అంటిస్తుంటే ఆ పిల్ల దగ్గరికి వచ్చి చూసింది.

ఆదివారం బొలెరో ఆమె లేకుండా పోయింది. ఎక్కబోతూ మేస్త్రి నాకేసి చూసి, "ఒక మనిషిని తక్కువ చేసినావు తాతా," అన్నాడు.

"నువ్వు పోయినేడు చేసినావు గదా," అన్నాను.

మంగళవారం షామియానా కింద అయిదు కుర్చీలు వేశారు. అయిదుగురు ఆడవాళ్లు దొరికారు. దొరికారంటే ఎట్లా అంటే, ఇద్దరు నిజమైనవాళ్లు. ఒకరిని పక్కూరి నుంచి ఆటోలో తెచ్చారు. ఒకామెకు పెళ్లయి నెల, ఆశీర్వాదంగా ఉంటుందని కూర్చోబెట్టారు. అయిదో ఆమెకు నాలుగు నెలల కిందటే కాన్పయింది. బిడ్డను ఆడబిడ్డ చేతికిచ్చి వచ్చి కూర్చుంది. జనంలో ఆ బిడ్డ ఏడుస్తుంటే, ఎవరి బిడ్డో పాపం అన్నట్టు చూస్తోంది. రవిక మాత్రం తడిసిపోతోంది.

ఆఫీసరు చిన్న వయసువాడు, మర్యాదస్తుడు. బోర్డు ముందు నిలబడి బాగుంది బాగుంది అన్నాడు. అక్షింతలు వేస్తూ ఒక్కొక్కరినీ పలకరించాడు. మా పిల్ల దగ్గరికి వచ్చి, "ఎన్నో కాన్పమ్మా?" అన్నాడు.

"రెండోది సార్," అంది వెనక నుంచి టీచరు.

"మూడోది సార్," అంది ఆ పిల్ల.

"రెండోదే సార్, భయపడి అంటోంది."

ఆ పిల్ల తలెత్తింది. చేతుల నిండా గాజులు, బుగ్గలకు పసుపు. "కన్నవి రెండు సార్, నిలిచింది ఒకటి. ఇది మూడోది," అంది.

మా ఇంటిది పోయాక ఆ మాట ఎవరి నోటా వినలేదు. ఈ పిల్ల ఎక్కడ పట్టిందో, కాపురానికి వచ్చిన కొత్తలో ఎప్పుడైనా విన్నదేమో.

"ఎప్పుడు పోయింది?"

"పోయినేడు సార్, సుగ్గిలో. కాలువ గట్టున ఉన్నాడు."

ఆఫీసరు తల దానంతటదే గోడ వైపు తిరిగింది. నర్సమ్మ లేచి, "అది మన పరిధిలో కాదు సార్," అంది. ఆఫీసరు తలూపాడు. మంచి పేరే పెట్టారు, పరిధి అని. మా ఊళ్లో బిడ్డలు పోని చోటుకు పరిధి అని పేరు. తర్వాత ఫోటో తీశారు, చిత్రాన్నం పెట్టారు, కార్లు పోయాయి.

మేటి ఊరు బహుమతి ఇంకో ఊరికి పోయింది. వాళ్ల గోడ మీద మాకంటే రెండు సున్నాలు ఎక్కువున్నాయని విన్నాను. మా ఊళ్లో మిగిలిన ముసలివాళ్లంతా నా మీద పడ్డారు. "ఊరి పరువు తీసినావు గదప్పా, ఆ పిల్లకు నువ్వే నేర్పించినావు," అన్నారు. నేను నేర్పలేదంటే నమ్మరు. నేర్పి ఉంటే బాగుండేదని నాకే అనిపిస్తుంది.

కానీ ఒకటి ఒప్పుకోవాలి. తిట్టడం ఎంత ఇష్టమో నిజం చెప్పడం కూడా నాకు అంత అవసరం. నర్సమ్మ మాట తప్పలేదు. ఆ స్టిక్కరు అంటించాక రోజూ సాయంత్రం పైనుంచి ఫోను వచ్చింది. ఆమె తిట్టుకుంటూనే మా పిల్లను నాలుగుసార్లు బస్సులో ఆదోనికి తీసుకుపోయి రక్తం పెరిగే సెలైను ఎక్కించింది. ఏడు ఉన్నది తొమ్మిదిన్నర అయింది. బహుమతి కోసం ఆపిన మనిషి బహుమతి పోయాక కూడా బతికిపోయింది. మా ఊళ్లో మంచి పనులు ఇట్లాగే జరుగుతాయి, పొరపాటున.

ఎండలు ముదిరాక ఆదోని పెద్దాసుపత్రిలో కాన్పయింది. ఆడపిల్ల. తూకం వేస్తుంటే నేను తలుపు దగ్గర నిలబడి ముల్లు కోసం చూశాను. ఇప్పుడు ముల్లు లేదు, ఎర్రటి అంకెలు. రెండు కిలోల ఆరు వందలు. నా బతుకులో ఎన్ని తూకాలు చూశానో, మనసు నిండింది దానితోనే.

నాలుగో రోజు ఆటోలో ఇంటికి వస్తున్నాం. స్టేజీ దగ్గర ఆ పిల్ల ఆటో ఆపించింది. బోర్డుకు కొత్తగా రంగు వేశారు. శిశు మరణాల పక్కన సున్నా లేదు. ఒకటీ లేదు. అడ్డంగా ఒక గీత గీశారు. ఏం రాయాలో పైనుంచి ఉత్తర్వు వచ్చేదాకా అట్లా ఉంచమన్నారట.

"తాతా, సున్నా తీసేసినారే."

"తీసినారు. ఒకటి రాయడానికి చేతులు రాలేదు. గీత గీసినారు."

ఆమె ఒళ్లో బిడ్డ మీద ఎండ పడకుండా కొంగు అడ్డం పెట్టి ఆ గీతకేసి చూసింది.

"అది ఒగటే గదా తాతా," అంది. "పండబెట్టినారు అంతే. పసిబిడ్డ గదా, పండుకోనే ఉంటాడు."

ఆటోవాడు హారన్ కొట్టి, పోదామా పెద్దాయనా అన్నాడు. పోనివ్వమన్నాను.